రద్దీలో ఇంజన్ ఆగిపోతోంది, గేరు పడటం లేదు: లోపం ఒకటా, రెండా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నాది ఏడేళ్ల నాటి చిన్న పెట్రోలు కారు. క్లచ్ పెడల్ లేని, గేర్లు వాటంతట అవే మారే ఏఎంటీ రకం. మూడు నెలలుగా, ముప్పావుగంట నడిపి ఇంజన్ బాగా వేడెక్కాక, సిగ్నల్ దగ్గర వేగం తగ్గించేసరికి ఇంజన్ ఆగిపోతోంది. ఆగని రోజున మరో ఇబ్బంది: కదలబోయేటప్పుడు గేరు పడదు, డ్యాష్‌బోర్డు మీద గేరు గుర్తు మినుకుమినుకుమంటూ ఉంటుంది, బండి న్యూట్రల్‌లోనే ఉండిపోతుంది. పావుగంట ఆపి ఉంచితే ఏమీ జరగనట్టే మళ్లీ నడుస్తుంది. ఇప్పటికే స్పార్క్ ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ మార్పించాను, థ్రాటిల్ బాడీ శుభ్రం చేయించాను. ఇప్పుడు క్లచ్‌తో పాటు గేర్లు వేసే యాక్చుయేటర్ కూడా మార్చాలని మెకానిక్ అంటున్నారు. అంత పెద్ద పనికి ఒప్పుకునే ముందు, ఈ రెండూ వేర్వేరు లోపాలా లేక ఒకే మూలం నుంచి వస్తున్నాయా అన్నది తెలుసుకోవాలనుకుంటున్నాను. పిల్లలను వెనుక కూర్చోబెట్టుకుని వెళుతున్నప్పుడు నడిరోడ్డు మీద ఆగిపోతుంటే చాలా భయంగా ఉంది.

మొదటి జవాబు

ఏ భాగమూ మార్చకుండా ముందు ఒక విషయం గమనించండి: ఇంజన్ ఎలా ఆగుతోంది? బండి ఒక కుదుపు ఇచ్చి, ఈడ్చినట్టై ఆగితే క్లచ్ పూర్తిగా విడవడం లేదని అనుమానించవచ్చు. మామూలు గేర్ల కారులో క్లచ్ తొక్కకుండా బ్రేకు వేస్తే జరిగేది అదే. కుదుపు ఏమీ లేకుండా, దీపం ఆర్పినట్టు నిశ్శబ్దంగా ఆగిపోతే మాత్రం క్లచ్‌ను నిందించడానికి కారణం లేదు. స్పార్క్, ఇంధనం, సెన్సర్ల వైపు వెళ్లాలి.

బండి ఇంకా గేరులో దొర్లుతున్నప్పుడే ఆగితే ఆర్‌పీఎం ముల్లును కూడా చూడండి. క్లచ్ పట్టి ఉన్నంతసేపు చక్రాలు ఇంజన్‌ను తిప్పుతూనే ఉంటాయి కాబట్టి, ఆ సమయంలో ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడిపోతే, తిరుగుతున్న ఇంజన్ వేగం కంప్యూటరుకు అందడం లేదని అర్థం. అప్పుడు ఆ వేగాన్ని కొలిచే క్రాంక్‌షాఫ్ట్ సెన్సర్‌ను గట్టిగా అనుమానించాలి. వేడెక్కితే పనిచేయకపోవడం, చల్లబడితే మళ్లీ పనిచేయడం ఆ సెన్సర్ చెడిపోయే తీరులో ఒకటి. స్కానర్‌లో ఆ సెన్సర్ లోపాన్ని సూచించే పి0335 కోడ్ నమోదై ఉందేమో చూడండి. కోడ్ లేనంత మాత్రాన సెన్సర్ బాగున్నట్టు కాదు.

రెండో జవాబు

పై మాటతో ఏకీభవిస్తాను, కానీ నేనైతే గేరు సమస్యకు కరెంటు నుంచే మొదలుపెడతాను. ఏఎంటీలో క్లచ్‌ను విడదీసి గేరు వేసేది మోటార్లు, లేదా మోటారుతో నడిచే ఆయిల్ పంపు. వాటికి ఒక్కసారిగా ఎక్కువ కరెంటు కావాలి. వేడెక్కిన ఇంజన్‌తో సిగ్నల్ దగ్గర నిలిచినప్పుడు రేడియేటర్ ఫ్యాను, ఏసీ, లైట్లు అన్నీ పనిచేస్తుంటాయి, ఇంజన్‌తో తిరిగి కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ మాత్రం నెమ్మదిగా తిరుగుతూ తక్కువ ఇస్తుంటుంది. వైరింగ్‌లో ఎక్కడైనా బలహీనత ఉంటే అది బయటపడేది సరిగ్గా అక్కడే.

మల్టీమీటర్‌తో రెండు కొలతలు తీసుకోండి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర సుమారు 13.5 నుంచి 14.5 వోల్టులు ఉండాలి. తరువాత ఒక కొనను బ్యాటరీ నెగటివ్ కడ్డీకి, రెండో కొనను ఇంజన్ బ్లాకు మీద శుభ్రమైన లోహానికి ఆనించి, మరొకరిని స్టార్ట్ చేయమనండి. ఆ క్షణంలో సుమారు 0.2 వోల్టుల కంటే బాగా ఎక్కువ కనిపిస్తే బ్యాటరీ నెగటివ్‌ను ఇంజన్‌కు కలిపే ఎర్త్ వైరు లేదా దాని బిగింపు చెడిపోయినట్టే. బ్యాటరీ కొత్తదైనంత మాత్రాన ఈ లోపం పోదు.

మూడో జవాబు

లోపం తేలే వరకు రద్దీ రోడ్లకు తీసుకెళ్లకండి. నడుస్తుండగా ఆగిపోతే బ్రేకుకు ఒకటి రెండు నొక్కుల వరకే బూస్టర్ సాయం మిగిలి ఉంటుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. అందుకని బ్రేకును పదేపదే కొట్టకుండా ఒకే ఒత్తిడితో పట్టి ఉంచాలి, కదులుతున్నంతసేపు తాళం పూర్తిగా తీయకూడదు.

ప్రశ్న అడిగినవారు

మీ అందరికీ కృతజ్ఞతలు. స్టార్ట్ చేసేటప్పుడు ఇంజన్ బ్లాకు దగ్గర 0.9 వోల్టులు చూపించింది. గేర్‌బాక్స్‌కు బిగించిన ఎర్త్ వైరు చివర పచ్చగా తుప్పు పట్టి ఉంది. దాన్ని మార్చి, బిగించే చోటు గీకి శుభ్రం చేయించి, స్కానర్‌తో క్లచ్ లెర్నింగ్ (క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో కంప్యూటరుకు మళ్లీ నేర్పించడం) కూడా చేయించాను. ఆ తరువాత గేరు ఒక్కసారి కూడా మొరాయించలేదు. కానీ ఇంజన్ మాత్రం మరో రెండుసార్లు కుదుపు లేకుండా ఆగింది, రెండోసారి బండి దొర్లుతుండగానే ముల్లు సున్నాకు పడటం స్వయంగా చూశాను. క్రాంక్ సెన్సర్ మార్పించి మూడు వారాలైంది, ఇంతవరకు ఆగలేదు. అంటే లోపాలు రెండు, రెండింటిలో ఏదీ క్లచ్ కాదు. ఒక్క సందేహం: తీసిన పాత సెన్సర్, దాని కనెక్టర్ నూనెతో తడిసి ఉన్నాయి.

మొదటి జవాబు ఇచ్చినవారు

ఆ నూనె ఎక్కడిదో తప్పక వెతికించండి. కొన్ని కార్లలో ఈ సెన్సర్, క్లచ్ బిగించి ఉండే ఫ్లైవీల్ చక్రం పక్కనే ఉంటుంది. పైనుంచి, వాల్వ్ కవరు దగ్గర కారుతున్నదైతే గ్యాస్కెట్ మార్చితే సరిపోతుంది. క్రాంక్ వెనుక ఆయిల్ సీల్ నుంచి వస్తున్నదైతే మాత్రం ఆలస్యం చేయకండి. అది క్లచ్ ప్లేటు మీద పడితే, ఇప్పటివరకు బాగున్న క్లచ్ నిజంగానే జారడం మొదలవుతుంది.