హెవీ ఫెర్మియాన్ లోహాల్లో అతివాహకతకు క్వాంటం సందిగ్ధ బిందువే కారణమా?

శీతలుడు:
హెవీ ఫెర్మియాన్ లోహాలంటే ఎలక్ట్రాన్లు ఎంతో బరువైనవాటిలా ప్రవర్తించే లోహాలు. వాటిలో ఒకటైన సీరియం-పలాడియం-సిలికాన్ సమ్మేళనం మామూలు పీడనం వద్ద, సుమారు 10 కెల్విన్ల దగ్గర, ఆంటీఫెర్రో అయస్కాంతంగా (పరమాణు అయస్కాంతాలు ఎదురెదురు దిశల్లో వరుసకట్టిన స్థితిగా) మారుతుంది. పీడనం పెంచుతూ పోతే ఆ ఉష్ణోగ్రత తగ్గుతూ వచ్చి 2.8 గిగాపాస్కల్ ప్రాంతంలో సున్నాను సమీపిస్తుంది; అయస్కాంత క్రమం అలా సున్నా కెల్విన్ల వద్ద అంతరించే చోటే క్వాంటం సందిగ్ధ బిందువు. సరిగ్గా అక్కడే, 0.4 కెల్విన్ల దగ్గర, అతివాహకత (నిరోధం లేకుండా విద్యుత్తు ప్రవహించడం) తలెత్తుతుంది. 1998లో కేంబ్రిడ్జి బృందం ఈ పటాన్ని చూపించాక కూడా, అతివాహకత కోసం ఎలక్ట్రాన్లను జతకట్టించేవి అయస్కాంత ఒడిదుడుకులేనని ఒప్పుకోవడానికి అడ్డేమిటో నాకు బోధపడడం లేదు.

రాగిబంగారం:
పక్కపక్కన కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదండీ. సీరియం-రాగి సమ్మేళనంలో కొద్దిగా బంగారం కలిపితే వచ్చే సందిగ్ధ బిందువును న్యూట్రాన్లతో ఎంతో క్షుణ్ణంగా పరిశీలించారు. అతివాహకత మాత్రం అక్కడ దొరకలేదు.

శీతలుడు:
ఆ ఉదాహరణతో తూచడం న్యాయం కాదు. బంగారం కలపడమంటేనే స్ఫటికంలో అస్తవ్యస్తత తేవడం. ఇలాంటి ఎలక్ట్రాన్ జతలు దానికి తట్టుకోలేవు. నేను చెప్పిన సమ్మేళనంలోనూ అతి శుద్ధమైన నమూనాల్లోనే అతివాహకత కనిపించింది. యిటర్బియం-రోడియం-సిలికాన్‌ను కూడా చాలాకాలం మీ పక్షాన సాక్షిగా నిలబెట్టారు. 2016లో అందులోనూ 2 మిల్లీకెల్విన్ల దగ్గర అతివాహకతను చూశారు.

రాగిబంగారం:
కనిపిస్తే సాక్ష్యం, కనిపించకపోతే మలినం అంటే మీ వాదానికి ఓటమి ఎక్కడుంది? పైగా ఆ 2 మిల్లీకెల్విన్ల కథలో కేంద్రకాల స్పిన్‌ల (వాటి చిన్న అయస్కాంతాల) క్రమానికీ పాత్ర ఉందని ఆ పరిశోధకులే వాదించారు. అసలు చిక్కు 1979లో ఈ కుటుంబమంతటికీ దారి చూపిన సీరియం-రాగి-సిలికాన్‌లోనే ఉంది. అందులో సిలికాన్‌కు బదులు కొంత జర్మేనియం చేర్చి పీడనం మార్చి చూస్తే, ఒకటే అనుకున్న అతివాహక ప్రాంతం రెండుగా విడిపోయిందని 2003లో తేలింది. మీరు సాకుగా చెప్పిన అస్తవ్యస్తతే ఇక్కడ ఆ రెండింటినీ వేరుచేసి చూపింది. మొదటి ప్రాంతం అయస్కాంతత్వం అంచున ఉంది, అది మీదే. రెండోది దానికి దూరంగా, అధిక పీడనం వద్ద ఉంది. దానికి సీరియం వేలెన్సీలో (బంధాల్లో పాల్గొనే ఎలక్ట్రాన్ల సంఖ్యలో) వచ్చే ఒడిదుడుకులను కారణంగా చెబుతున్నారు.

శీతలుడు:
రెండో ప్రాంతం విషయంలో నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను. మొదటిదాన్ని మాత్రం వదులుకోను: అతివాహక స్థితిలో అయస్కాంత వినిమయ శక్తిలో (పరమాణు అయస్కాంతాల పరస్పర చర్య శక్తిలో) కలిగే ఆదా, ఆ స్థితిలోకి మారినందుకు మొత్తంమీద మిగిలే శక్తికంటే చాలా రెట్లు ఎక్కువని 2011 నాటి న్యూట్రాన్ కొలతలు చూపాయి.