2017లో ఆగిపోయిన స్పాన్సర్‌షిప్: మా స్పాన్సర్‌కు ఒక్క ఉత్తరం ఎలా చేర్చాలి?

అందరికీ వందనాలు. మాది ప్రకాశం జిల్లా. 2009 నుంచి 2017 మార్చి వరకు మా ఊరి చర్చిలో నడిచిన పిల్లల ప్రాజెక్టులో ఉన్నాను, అమెరికాలో ఒక ఆంటీ నెలనెలా నా కోసం డబ్బు పంపేవారు. కేంద్రం విదేశీ విరాళాలకు ముందస్తు అనుమతి కావాలనడంతో ఆ ప్రాజెక్టు నడిపే సంస్థ ఇండియాలో పని ఆపేసింది, సెంటర్ మూతపడింది. ఆమె చివరి ఉత్తరం ఆ ఏడాది జనవరిలో వచ్చింది. నేను రాసిన జవాబు చేరిందో లేదో ఇప్పటికీ తెలియదు.

నా దగ్గర ఉన్నవి 11 ఉత్తరాలు, ఒక ఫొటో, నా ప్రాజెక్టు నంబర్. ఉత్తరాల్లో ఆమె ఇంటిపేరు, అడ్రస్ ఉండవు (అప్పట్లోనే కొట్టేసి ఇచ్చేవాళ్లు), మొదటి పేరు, రాష్ట్రం పేరు మాత్రమే తెలుసు.

పాస్టర్ గారిని అడిగాను, రికార్డులన్నీ అప్పుడే పై ఆఫీసుకు పంపేశామన్నారు. ఫేస్‌బుక్‌లో ఆ పేరుతో వందల మంది ఉన్నారు. సంస్థ హెడ్డాఫీసుకు నంబర్‌తో సహా రెండుసార్లు మెయిల్ పెట్టాను, మొదటిదానికి స్పాన్సర్ వివరాలు ఇవ్వడం కుదరదని జవాబొచ్చింది, సరే అది న్యాయమే. వివరాలు వద్దు, నా ఉత్తరం మీరే ఆమెకు పంపండి అని రెండోది రాసి ఐదు వారాలైంది, ఉలుకూ పలుకూ లేదు.

నాకు డబ్బేమీ వద్దు. బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేశానని, ఆమె వల్లే స్కూల్ మానలేదని చెప్పాలి, అంతే. ఆమెకు వయసు పైబడింది, అదే టెన్షన్.

ఇలా మూతపడిన ప్రాజెక్టుల్లో పెరిగినవాళ్లలో ఎవరైనా తర్వాత తమ స్పాన్సర్‌కు ఉత్తరం చేర్చగలిగారా, ఎవరి ద్వారా?