కార్బన్ ఫైబర్ షీటు: నీళ్లలో కోయాలా, పొడిగానే కోయాలా?

డ్రోన్_కుర్రాడు: డ్రోన్ ఫ్రేముల కోసం 3 మి.మీ. కార్బన్ ఫైబర్ షీటును చిన్న సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ నడిపే కోత మెషీన్) మీద కోస్తున్నాను. పక్కనే వాక్యూమ్ గొట్టం పట్టుకుని కూర్చున్నా నల్లటి పొడి గదంతా పరుచుకుంటోంది. షీటును నీళ్ల ట్రేలో ముంచి కోయమని ఒకరు చెప్పారు. మెషీన్ పాడవదా?

పొడికోత: నీళ్లు వద్దు తమ్ముడూ. అడుగున వేసే ఎండీఎఫ్ (చెక్కపొట్టుతో చేసిన పలక) తడిస్తే ఉబ్బుతుంది, షీటు ఒకపక్క లేచి కోత లోతు మారిపోతుంది. నీళ్లు చిందితే మెషీన్ జారే ఇనుప పట్టాలు (గైడ్ రైల్స్) తుప్పు పడతాయి. కోసే బిట్టు చుట్టూ పొడి చెదరకుండా బ్రష్ షూ (కుచ్చు తొడుగు) బిగించి, సన్నటి పొడిని కూడా పట్టే హెపా ఫిల్టరున్న వాక్యూమ్ తగిలించు. గ్లాస్ ఎపాక్సీ (గ్లాస్ ఫైబర్) షీట్లు ఏళ్ల తరబడి నేనిలాగే కోస్తున్నాను.

తడికోత: అన్నా, గ్లాస్ ఫైబర్‌తో దీన్ని పోల్చకండి. రెండు పొడులూ ఊపిరితిత్తులకు చెడ్డవే, గ్లాస్ పొడి ఒంటి మీద పడితే దురద కూడా. కానీ కార్బన్ పొడిలోంచి కరెంటు పారుతుంది. మొదట్లో నేనూ పొడిగానే కోసేవాణ్ణి. మెషీన్‌ను నడిపే బోర్డులుండే కంట్రోలర్ డబ్బా మూత సరిగా పడేది కాదు, పట్టించుకోలేదు. ఒకరోజు కోత మధ్యలో మోటారు ఆగింది, కాలిన వాసన. విప్పి చూస్తే మోటారును నడిపే డ్రైవర్ బోర్డు పిన్నుల మధ్య మసిలాంటి సన్నటి పొర. వేలితో తుడిస్తే వేలు నల్లగా అయింది.

ఎండీఎఫ్ బదులు ట్రేలో పీవీసీ షీటు వేసి, దాని మీద కార్బన్ షీటును స్క్రూలతో బిగించండి. పైన 4, 5 మి.మీ. నీళ్లు నిలిస్తే చాలు. కార్బైడ్ బిట్టు మాత్రం మొద్దుబారకుండా చూసుకోండి, లేకపోతే నీళ్లున్నా అంచున పోగులు లేస్తాయి.

పొడికోత: కరెంటు సంగతి ఒప్పుకుంటాను, గ్లాస్‌తో నాకా తలనొప్పి ఎప్పుడూ రాలేదు. మరి ఆ నల్ల నీళ్లు ఎక్కడ పోస్తున్నావు? ఆరితే మళ్లీ అదే పొడి కదా.

తడికోత: మంచి మాట అడిగారు. కాలువలో పోయను. రాత్రంతా కదపకుండా ఉంచి, పైనీళ్లను దళసరి గుడ్డలో వడగడతాను. అడుగున పేరుకున్న బురదను తడిగా ఉండగానే కవర్లో మూటకట్టేస్తాను. ట్రే కడిగేటప్పుడు కూడా మాస్కు, గ్లవ్స్ తియ్యను.

డ్రోన్_కుర్రాడు: ముందు కంట్రోలర్ డబ్బా విప్పి చూశాను. ఫ్యాన్ రెక్కల మీద అప్పుడే నల్లటి పొర ఉంది. పీవీసీ ముక్క దొరికేదాకా కోత ఆపేస్తున్నాను.