అప్‌డేట్: టెయిలింగ్స్ దుమ్ము ఎట్టకేలకు గట్టిపడింది

పోయినసారి నేను అడిగింది ఇదీ: గని టెయిలింగ్స్ (ఖనిజం తీసుకున్నాక మిగిలే మెత్తటి వ్యర్థం) దుమ్ము గాలికి లేవకుండా స్పోరోసార్సినా పాశ్చురై బ్యాక్టీరియా, యూరియా, కాల్షియం క్లోరైడ్ కలిపి ట్రేల మీద పోశాను. పైన తెల్లటి పెచ్చు కట్టి, మర్నాటికే ఊడిపోయింది. ఎందుకని?

తప్పు నాదే. బ్యాక్టీరియా యూరియాను విడగొడితే, కాల్షియంతో కలిసి కాల్సైట్ (సున్నపురాయిలో ఉండే ఖనిజం) ఏర్పడి రేణువులను అతికిస్తుంది. మూడూ ఒకేసారి కలిపితే పోసే మగ్గులోనే అది ఏర్పడటం మొదలవుతుంది. ఇక లోపలికి ఏం దిగుతుంది? మీలో ఒకరు చెప్పినట్టు ఈసారి ముందు బ్యాక్టీరియా ఒక్కటే చల్లి, కొన్ని గంటలాగి మిగతా రెండూ పోశాను.

రెండో సంగతి నాకసలు తట్టలేదు. నా నమూనాలో పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) ఉంది. దానికి గాలి, నీరు తగిలితే ఆమ్లం పుడుతుంది, ఆమ్లంలో యూరియాను విడగొట్టే బ్యాక్టీరియా ఎంజైమ్ యూరియేజ్ చతికిలపడుతుంది. సున్నపురాయి పొడి కలిపి పీహెచ్ 7 దాటించాకే పని జరిగింది.

ఇప్పుడు గోటితో గీకితే గోరే అరుగుతోంది. టేబుల్ ఫ్యాన్ ముందు పెట్టినా దుమ్ము లేవలేదు! పొర మందం మాత్రం 5 మిల్లీమీటర్లే. మరీ మెత్తటి రేణువుల సందుల్లోకి బ్యాక్టీరియా దూరడం కష్టం, దానికి నా దగ్గర మందు లేదు.

అసలు టెన్షన్ అమ్మోనియాతో. యూరియా విడిపోయాక అమ్మోనియం మిగులుతుంది, గదంతా ఒకటే ఘాటు. ట్రేలు కడిగిన నీళ్లు విడిగా డబ్బాలో పట్టాను. బయట కుప్ప మీద చేసేవాళ్లు ఆ నీరు ఎటు పారుతుందో ముందే చూసుకోండి.

ఇంకో ట్రేలో బ్యాక్టీరియా లేకుండా సున్నపురాయి పొడి, కంపోస్ట్ కలిపి గడ్డి విత్తనాలు వేశాను. నిన్ననే మొలకలు కనిపించాయి, సన్నగా, పాలిపోయి.