రెండు పళ్ళ ఆధారంతో కోటాసారస్‌కు తల పెట్టవచ్చా?

సందేహి: హైదరాబాద్‌లోని బిర్లా సైన్స్ సెంటర్‌లో పొడవాటి మెడ గల డైనోసార్ కోటాసారస్ అస్థిపంజరాన్ని చూసి వచ్చాను. ప్రాణహిత-గోదావరి లోయలోని యామనపల్లి దగ్గర దొరికిన 840 ఎముకలు కనీసం 12 జంతువులవని, పుర్రె అసలు దొరకలేదని, దానికి సంబంధించి మిగిలినవి రెండు పళ్ళేనని చదివాను. పన్నెండింటి ఎముకలను ఒకే జంతువుగా కూర్చి, దొరకని తలను తయారుచేసి తగిలించడం విజ్ఞానమెలా అవుతుంది?

రాతిపొర: కూర్చడానికి పద్ధతి ఉందండీ. ఒకే రాతిపొరలో దొరికిన తొడ ఎముకలు పరిమాణంలో వేరైనా ఆకృతిలో ఒకటే అయితే వాటిని ఒకే జాతివిగా లెక్కిస్తారు. ఎడమది లేకపోతే కుడిదాని ప్రతిబింబాన్ని తీసుకుంటారు. చిన్నదాన్ని పెద్దదాని కొలతకు పెంచుతారు. తలకైతే పళ్ళ ఆకారమూ, దగ్గరి బంధువుల పుర్రెలూ దారి చూపుతాయి.

సందేహి: నేను అడిగింది పళ్ళ గురించే. ముక్కు రంధ్రం ఎక్కడుందో రెండు పళ్ళు చెబుతాయా? 1883లో మార్ష్ అనే శాస్త్రవేత్త, అలాంటిదే అయిన బ్రాంటోసారస్ అనే డైనోసార్‌ను వేరే చోట దొరికిన పుర్రెతో చిత్రించారు. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మ్యూజియంలో అపాటోసారస్ అనే డైనోసార్‌కు పెట్టిన వేరే డైనోసార్ కామరాసారస్ తల 1979 దాకా అలాగే ఉంది.

గోదారిగట్టు: మన దేశంలోనే దొరికిన బరపాసారస్ అనే డైనోసార్‌కూ పళ్ళే దొరికాయి, పుర్రె దొరకలేదు. ఈ జంతువుల పుర్రె పలుచన, మెడ నుంచి త్వరగా విడిపోతుంది.

రాతిపొర: ఆ తప్పును పట్టుకున్నదీ శాస్త్రవేత్తలే. ఇగ్వానడాన్ అనే డైనోసార్ ముక్కు మీద మాంటెల్ అనే శాస్త్రవేత్త ఉంచిన కొమ్ము బొటనవేలి ముల్లని, 1878లో బెల్జియంలోని బెర్నిసార్ గనిలో దాదాపు పూర్తి అస్థిపంజరాలు బయటపడ్డాక తేలింది. మీరు పద్ధతిని చదవకుండానే నిందిస్తున్నారు.

సందేహి: చదవలేదని మీరెలా అంటారు? వేరే ఊరి ప్రదర్శనశాలలో మా అమ్మాయి “వీటిలో నిజమైన ఎముకలు ఏవి?” అని అడిగితే, “అన్నీ నిజమే, ముందుకు నడవండి” అని కసిరారు. ఆ రోజు దాని ముఖం చిన్నబోవడం నేను మరచిపోలేదు. ఊహించవద్దని నేను అనడం లేదు. ఊహకూ ఎముకకూ ఒకే రంగు పూయడం మీదే నా అభ్యంతరం.

రాతిపొర: ఈ మాట ముందే చెప్పి ఉండవలసింది. రంగు వేరుగా ఉండాలన్న మాటకు నేనూ కట్టుబడతాను. అయితే తలే లేకుండా నిలబెట్టమంటే మాత్రం ఒప్పుకోను. అంత పొడవైన మెడ దేనికోసం పెరిగిందో చూసేవారికి అప్పుడు అర్థం కాదు.

సందేహి: అదే కార్నెగీ మ్యూజియంను నడిపిన హాలండ్ అనే శాస్త్రవేత్త అక్కడి అపాటోసారస్‌ను 1932లో తాను మరణించేదాకా తల లేకుండానే నిలబెట్టారు. దానికి దగ్గరలో దొరికిన పుర్రె దానిదేనని ఆయన నమ్మారు. 1970లలో మెకింటాష్, బెర్మన్ అనే పరిశోధకులు పాత తవ్వకాల వివరాలను పరిశీలించి ఆయన నమ్మకమే సరైనదని చూపించారు. తల లేకుండా ఉన్న ఆ ఏళ్ళన్నిటిలో అక్కడికి వచ్చినవారు తప్పుడు తలను చూడలేదు.