వానాకాలం జనరేటర్‌ను మిగతా తొమ్మిది నెలలు ఎలా దాచాలి?

వేళచ్చేరి_రెండో_అంతస్తు: చెన్నైలో మా అపార్ట్‌మెంట్‌లో నీళ్ల మోటారుకీ మెట్ల లైట్లకీ 2.5 కేవీఏ పెట్రోల్ జనరేటర్ ఉంది. ఫోర్ స్ట్రోక్, తాడు లాగి స్టార్ట్ చేసేది, ఇనప ట్యాంకు. దీని అవసరం అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకానే, తర్వాత మెట్ల కిందే పడుంటుంది. ట్యాంకు నింపి ఉంచితే తుప్పు పట్టదని ఒకరు, చుక్క లేకుండా తీసేయమని ఇంకొకరు అంటున్నారు. నెలకోసారి ఐదు నిమిషాలు తిప్పితే చాలని వాచ్‌మన్ మాట. ఏది సరైంది?

పానా_పది_నంబర్: తీసేయండి. నింపి ఉంచమనేది ఎథనాల్ కలవని రోజుల నాటి సలహా. ఇప్పుడు బంకులో పోసే ఈ20లో ఐదో వంతు ఎథనాలే. అది గాల్లో తేమను లాక్కుంటుంది, చెన్నైలో తేమకు కొదవా! లాక్కున్న నీరు మోతాదు దాటితే ఎథనాల్, నీరు కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుక్కి దిగుతాయి. ఇంజన్‌కు పెట్రోల్ వదిలే కాక్ ఉండేదీ అడుగునే.

కానీ ముందు పాడయ్యేది ట్యాంకు కాదు, పెట్రోల్‌ను గాలితో కలిపే కార్బురేటర్. దాని కింది గిన్నెలో కాస్త పెట్రోల్ నిలిచిపోతుంది. నెలల తరబడి ఆవిరవుతూ చివరికి బంకలా గడ్డకడుతుంది, పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రాలుండే ఇత్తడి జెట్ల మీద పచ్చగా చిలుము పడుతుంది. ఐడిల్ జెట్ రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు కాబట్టి కాస్త బంక చాలు, మూసుకుపోవడానికి. కాక్ మూసి ఇంజన్ ఆగేదాకా తిప్పితే గిన్నె ఖాళీ అయిందనుకుంటారు, కాలేదు. జెట్‌కు అందని పెట్రోల్ అడుగున అలాగే ఉంటుంది. గిన్నె కింద, పక్కకు ఉండే డ్రెయిన్ బోల్టు (చాలావాటికి 10 నంబర్ పానా) వదులు చేసి దించాల్సిందే.

ముందు ఇంజన్‌ను పది నిమిషాలు తిప్పి ఆపి, ఆయిల్ వేడి మీదుండగానే తీసేయండి. వాడిన ఆయిల్లో నీరు, ఆమ్లాలు చేరి ఉంటాయి, అవి అన్ని నెలలు బేరింగుల మీద కూర్చోకూడదు. 160 సీసీ ఇంజన్‌కు 10డబ్ల్యూ-30 ఆయిల్ 600 మి.లీ. దాకా పడుతుంది, డిప్‌స్టిక్ చూసి పోయండి. సైలెన్సర్ పూర్తిగా చల్లారాక పెట్రోల్ తీయండి, అదీ ఆరుబయట. మెట్ల కింద కరెంటు మీటర్ల బోర్డు ఉంటుంది కదా, ఆ పక్కన వద్దు. ట్యాంకు, గిన్నె రెండూ ఖాళీ అయ్యాక కాక్ మూసి, ట్యాంకులో 50 మి.లీ. టూటీ (టూ స్ట్రోక్) ఆయిల్ పోసి, లోపలంతా తడిసేలా అటూ ఇటూ ఊపి, మిగిలింది వంచేయండి. ఇనప ట్యాంకుకు తుప్పు భయం తీరుతుంది.

తర్వాత స్పార్క్ ప్లగ్ తీసి, ఆ రంధ్రంలో ఇంజన్ ఆయిల్ ఒక చెంచా, అంటే 5 నుంచి 10 మి.లీ. పోసి, గుడ్డ కప్పి తాడు మూడు నాలుగుసార్లు మెల్లగా లాగండి. గుడ్డ లేకపోతే ఆయిల్ మొహాన చిమ్ముతుంది. ప్లగ్ మొదట చేత్తోనే మర ఎక్కించాలి. చివరగా తాడు బిగుసుకునేదాకా లాగి అక్కడే వదలండి. అప్పుడు వాల్వులు రెండూ మూసుకుని ఉంటాయి, తేమ సిలిండర్లోకి పోదు.

రాగితీగ: వాచ్‌మన్ చెప్పిన ఐదు నిమిషాల పద్ధతి అసలు తిప్పకపోవడం కన్నా చేటు. లీటరు పెట్రోల్ మండితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. ఇంజన్ బాగా వేడెక్కితే ఆవిరై పోతుంది, లేకపోతే సైలెన్సర్లో, ఆయిల్లో చేరుతుంది. తిప్పాలనుకుంటే సగం లోడ్ పెట్టి అరగంట తిప్పండి, లేదా పూర్తిగా పడుకోబెట్టండి. ఎప్పుడు తిప్పినా ఆరుబయటే. మెట్ల కింద తిప్పితే కార్బన్ మోనాక్సైడ్ నేరుగా పై అంతస్తులకు ఎక్కుతుంది, దానికి వాసన కూడా ఉండదు.

ఇంకో మాట. చాలాకాలం కదలని మామూలు జనరేటర్లో, లోపల తిరిగే రోటర్‌కు మిగిలి ఉండే అయస్కాంత శక్తి తగ్గిపోవచ్చు. అప్పుడు ఇంజన్ తిరుగుతుంది, వోల్టేజ్ రాదు. ఇన్వర్టర్ రకానికి ఈ బాధ లేదు, అందులో శాశ్వత అయస్కాంతాలుంటాయి. అందుకే మొదటి తుఫాను రోజుదాకా ఆగకుండా అక్టోబర్ మొదట్లోనే పరీక్షించండి.

గరాటు: పెట్రోల్ పాడవకుండా కలిపే స్టెబిలైజర్ మందు పోసి ట్యాంకు నింపేస్తే ఇంత పని ఉండదు కదా?

పానా_పది_నంబర్: పెట్రోల్ గడ్డకట్టడం ఆలస్యమవుతుంది, అంతే. నీరు విడిపోవడాన్ని అది ఆపలేదు. పైగా మీటర్ల పక్కన నిండు ట్యాంకు ఎందుకండీ?

వేళచ్చేరి_రెండో_అంతస్తు: తీసిన పెట్రోల్ స్కూటర్లో పోయొచ్చా? కప్పడానికి టార్పాలిన్ ఉంది.

రాగితీగ: గాజు సీసాలో పోసి అరగంట కదపకుండా ఉంచి, వెలుగుకు పట్టి చూడండి. అడుగున గీత గీసినట్టు వేరే పొర కనిపించినా, మసకగా ఉన్నా, పుల్లటి వాసన వచ్చినా వాడొద్దు, అలాగని కాలువలోనూ పోయొద్దు. తేటగా ఉండి, కొని నెల దాటకపోతే స్కూటర్ ట్యాంకు ముప్పాతిక నిండి ఉన్నప్పుడు కొంచెం కొంచెంగా కలపండి.

టార్పాలిన్ వద్దు, లోపల చెమ్మ పడుతుంది. పాత దుప్పటి చాలు. సైలెన్సర్ మూతికి గుడ్డ కట్టండి, లేకపోతే కందిరీగ మట్టితో గూడు కడుతుంది. అక్టోబర్లో విప్పడం మర్చిపోకుండా ఆ గుడ్డ కొస తాడు పిడికి ముడేయండి. ఇక మీది వేళచ్చేరి, 2015లో, 2023లో నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో తెలిసిందే. మొదటి అంతస్తు మెట్ల మలుపులో పెట్టండి, చెక్క మీద.

పానా_పది_నంబర్: తీసి వాడేటప్పుడు స్విచ్ ఆఫ్‌లోనే తాడు నాలుగుసార్లు మెల్లగా లాగి, ఆ తర్వాత కొత్త పెట్రోల్‌తో స్టార్ట్ చేయండి. ఒకటి రెండు నిమిషాలు నీలిపొగ వస్తుంది, అది మనం పోసిన ఆయిలే. చోక్ మీద నడిచి, చోక్ తీయగానే ఆగిపోతుంటే మొదట ఐడిల్ జెట్‌నే అనుమానించండి. విప్పి కార్బ్ క్లీనర్ కొట్టి, వైరులోని సన్నటి రాగి పోగుతో పొడవండి. సూది పెడితే రంధ్రం పెద్దదవుతుంది, ఆ జెట్ ఇక పనికిరాదు. కాక్ తెరవగానే కార్బురేటర్ నుంచి పెట్రోల్ కారితే గిన్నె నిండగానే పెట్రోల్‌ను ఆపే ఫ్లోట్ సూది అతుక్కుందని లెక్క, వెంటనే కాక్ మూసి స్క్రూడ్రైవర్ పిడితో గిన్నెను రెండు దెబ్బలు తట్టి చూడండి. అప్పటికీ కారుతుంటే సూది, గాస్కెట్ మార్చాలి. పాతవి విప్పి చేత్తో పట్టుకునే కొట్టుకు వెళ్లండి, మోడల్ పేరు చెబితే దగ్గరి సైజు ఏదో అంటగడతారు.