కవర్ 3లో వెనక నిలబడితే ప్రతిసారీ నా నెత్తి మీదుగానే బంతి పోతోంది, ఏం చేయాలి?

హన్మకొండ పోరడు:
అన్నలూ, జర ఒక డౌట్ తీర్చండి. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఫ్లాగ్ ఫుట్‌బాల్ పెట్టారని తెలిసినప్పటి నుంచి మా దోస్తులకు అదే పిచ్చి, ఆదివారం పొద్దున్నే గ్రౌండ్‌కు పోయి నడుముకు పట్టీలు కట్టుకుని ఐదుగురికి ఐదుగురం ఆడుతున్నాం. అమెరికన్ ఫుట్‌బాలే, కాకపోతే బంతి ఉన్నోణ్ణి పడేయం, వాడి పట్టీ లాగి ఆపుతాం. క్రికెట్‌లో నేను లాంగ్ ఆన్‌లో ఉంటానని ఇక్కడా నన్నే వెనక మధ్యలో నిలబెట్టారు. వెనక ముగ్గురం, ముందు ఒకడు, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి ఉరికేవాడు ఒకడు. వెనక జాగాను ఇట్ల ముగ్గురం పంచుకోవడాన్నే కవర్ 3 అంటారు. పోయిన వారం రెండు టచ్‌డౌన్లు పోయాయి, అంటే ఎదుటోళ్లు బంతిని మా చివరి గీత దాటించారు, రెండూ నా మీదే, రెండూ ఒకే తీరు. నా ముందు ఒకడు ఆగి చేయి ఊపాడు, బంతి వాడికే అనుకుని నేను ఉరికాను, అంతలో ఇంకొకడు నా పక్క నుంచి దాటిపోయాడు. రెండోసారి మా కాజీపేటోడు, బంతి విసిరింది వాడే, "విమానం చూస్తున్నావారా" అని అందరిముందు అన్నాడు.

జోన్ అంటే నా జాగాలో నేనుండటమే కదా? మరి మనిషిని చూడాలా, బంతిని చూడాలా? నా జాగాలోకి ఇద్దరొస్తే ఎవడితో పోవాలి? కబడ్డీలో కవర్ ఎవరో, కార్నర్ ఎవరో నాకు తెలుసు, ఇక్కడ అవే మాటలకు వేరే అర్థాలు ఉండి ఇంకా పరేషాన్ అవుతోంది.

డల్లాస్ మామ:
తమ్మీ, మాది పరకాల. మా కొడుకు ఇక్కడ హైస్కూల్ జట్టులో కార్నర్‌బ్యాక్, అంటే అంచులో కాపలా ఉండేవాడు, శుక్రవారం రాత్రుళ్లు స్టాండ్స్‌లో కూచుని నేర్చుకున్నదే చెప్తున్నా. నువ్వు ఇంటర్‌సెప్షన్ మీద, అంటే ఎదుటోళ్ల పాస్‌ను నువ్వే పట్టేయాలన్న ఆశతో ముందుకు ఉరుకుతున్నావు, అదే మొత్తం రోగం. వెనక జోన్‌లో ఉన్నవాడు అందరికన్నా లోతుగా పోయే రిసీవర్ (పాస్ పట్టేవాడు) కన్నా ఇంకాస్త లోతులో ఉండాలి, ఇంటర్‌సెప్షన్ సంగతి ఆ తర్వాత. నీ ముందు క్యాచ్ పట్టాడా, పట్టనీ, వచ్చి పట్టీ లాగు. లాంగ్ ఆన్‌లో ఉండేవాడివి కదా, ముందుకొచ్చి పట్టే క్యాచ్ ఎంత సులువో, వెనక్కి ఉరుకుతూ పట్టేది ఎంత కష్టమో నీకు నేను చెప్పాలా?

పదకొండుగురు ఆడే పెద్ద ఆటలో గ్రౌండ్ వెడల్పు 53 గజాల పైచిలుకు, అంటే దాదాపు రెండున్నర క్రికెట్ పిచ్‌లు. కవర్ 3లో అది ముగ్గురికి పంచితే తలా ఒక పిచ్ కూడా రాదు. అంచుల్లో ఉన్న కార్నర్లు స్నాప్ కాగానే, అంటే బంతి క్వార్టర్‌బ్యాక్ చేతికి రాగానే, పక్క గీత వైపు వీపు పెట్టి వెనక్కి పోతారు, అప్పుడే తన రిసీవర్, క్వార్టర్‌బ్యాక్ ఇద్దరూ ఒకే చూపులో పడతారు. మధ్యలో ఉండే ఫ్రీ సేఫ్టీ 12, 15 గజాల దూరంలో మొదలుపెడతాడు, వాడి మొదటి అడుగులు వెనక్కే. ఎదురుగా క్వార్టర్‌బ్యాక్ ముందు వరసలో ఉండే లైన్‌మెన్ లేచి నిలబడితే పాస్, తల దించి ముందుకు నెడితే రన్ అని చదువుకుంటాడు. మీ ఆటలో ఆ లైన్ లేదు కాబట్టి నీకు క్వార్టర్‌బ్యాక్ ఒక్కడే దిక్కు.

ఇద్దరొస్తే అన్నావు కదా, కవర్ 3కి పాత తలనొప్పే అది. నలుగురు నాలుగు దారుల్లో నేరుగా లోపలికి ఉరికితే వెనక ఉన్నది ముగ్గురే, మధ్యవాడి మీద ఇద్దరు పడతారు. వాడు ఎవడితోనూ పోడు. ఇద్దరికీ నడుమ, ఇద్దరికన్నా లోతుగా ఉండి, క్వార్టర్‌బ్యాక్ ముందు భుజం ఎటు తిరిగిందో చూసి, చేయి వదలగానే అటు దూకుతాడు. ముందే ఒకవైపు ఒరిగితే రెండోవైపు వేస్తారు. ముందున్నవాళ్లు ఆ రిసీవర్లను కొంతదూరం వెంటాడి ఆలస్యం చేయాలి, అది చేయకపోతే మధ్యలో ఎర్ల్ థామస్ ఉన్నా లాభం లేదు. ఆ పేరెందుకంటే, ఆయన మధ్యలో ఉన్న సియాటిల్ జట్టు 2014 ఫిబ్రవరి సూపర్ బౌల్లో, అంటే ఇక్కడి లీగ్ ఫైనల్లో, డెన్వర్‌ను 43-8తో చిత్తు చేసింది. ఆ సీజన్లో 606 పాయింట్లతో రికార్డు కొట్టిన జట్టు ఆ డెన్వర్.

కబడ్డీ కార్నర్:
నేను కరీంనగర్‌లో కబడ్డీ ఆడేవాణ్ణి. రైడర్ చేతులు, మొహం అబద్ధం చెప్తాయి, నడుము చెప్పదు అని మాకు నేర్పారు. ఇక్కడ మ్యాన్ కవరేజ్‌కు, అంటే ఒక్కొక్కరు ఒక్కో రిసీవర్ వెంట పోయే పద్ధతికి, అది సరిగ్గా సరిపోతుంది, జోన్‌లో పనిచేయదు, ఎందుకంటే నడుము చూస్తూ కూచుంటే బంతి ఎప్పుడు వదిలాడో తెలియదు. నాకు అర్థం కావడానికి రెండు నెలలు పట్టింది.

ఇంకొకటి, 2024 అక్టోబర్ 27 షికాగో, వాషింగ్టన్ మ్యాచ్ ఆఖరి బంతి వెతికి చూడు. 52 గజాల పాస్, అందరూ గుంపుగా ఎగిరారు, చేతులకు తగిలిన బంతి వెనక్కి పడింది, అక్కడ వాషింగ్టన్ రిసీవర్ నోవా బ్రౌన్ ఒక్కడే ఉన్నాడు, పక్కన ఎవరూ లేరు. అందరూ బంతి మీదికే పోతే వెనక ఏమవుతుందో అందులో కనబడుతుంది. 18-15తో వాషింగ్టన్ గెలిచింది.

కాజీపేట జంక్షన్:
మామ చెప్పింది పెద్ద గ్రౌండ్‌కు. ఫ్లాగ్ గ్రౌండ్ వెడల్పు 25 గజాలు, ఒక పిచ్ మీద మూడు గజాలు ఎక్కువ, అంతే. దానికి వెనక ముగ్గురెందుకు? పైగా 5 గజాల గీత దగ్గర మొదలుపెట్టి నాలుగు ప్లేలలో సగం గ్రౌండ్ దాటాలి, అంటే 20 గజాలు. పట్టనీ పట్టనీ అని పదేసి గజాలు ఇస్తూ పోతే రెండు క్యాచ్‌లకే దాటేస్తారు. వెనక ఇద్దరినే పెట్టి చెరిసగం ఇవ్వండి.

డల్లాస్ మామ:
పదేసి గజాల మాట నిజమే, ఒప్పుకుంటున్నా. కానీ వెనక ఇద్దరే ఉంటే నట్టనడుమ తెరుచుకుంటుంది, ముందుకు ఉరికే అలవాటున్నవాడికి సగం గ్రౌండ్ అప్పగిస్తే ఇంకా ఘోరం. జంక్షన్ గారి సలహా ఎవరి మేలు కోసమో నాకు అనుమానంగా ఉంది.

హన్మకొండ పోరడు:
థ్యాంక్స్ మామా. నిన్న ఆడి వచ్చాను. స్నాప్ నుంచి 12 గజాల దగ్గర సున్నంతో గీత గీసుకుని, బంతి చేయి దాటేదాకా గీత దాటనని ఒట్టు పెట్టుకున్నా. మొదటి అరగంట కాళ్లు వాటంతటవే ముందుకు పోయాయి. తర్వాత కుదిరింది, నా నెత్తి మీదుగా ఒక్కటి కూడా పోలేదు. చిన్న పాసులు మాత్రం మస్తు పడ్డాయి, దానికి తిట్లు వేరే. భుజం చూస్తుంటే ఒక సంగతి దొరికింది: కాజీపేటోడు లాంగ్ వేసే ముందు ఎడమ చేత్తో బంతిని ఒకసారి తడతాడు. షార్ట్‌కు తట్టడు. ఈ థ్రెడ్ వాడికి చూపించకండి.

కాజీపేట జంక్షన్:
ఆదివారం ఆరింటికి రా. తట్టకుండా వేస్తా.